లచ్చమ్మ పేరు దగ్గర బియ్యం

అమ్మ పోయిన తర్వాత ఆమె సామాను సర్దడానికి హన్మకొండలో తమ్ముడి ఇంటికి వెళ్లాను. సామాను అంటే ఏముంది? నాలుగు చీరలు, నడక మానేసిన ఒక చేతి గడియారం, ఎవరికీ పట్టని కళ్లజోళ్లు. అటక మీద నుంచి ఒక గోనెసంచి దించారు. తమ్ముడి కోడలు అందులో చెయ్యి పెట్టి గుండ్రటి సిల్వర్ మూత ఒకటి బయటికి తీసింది. అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పట్టి చూసి, "అత్తమ్మా, ఇదేంది? నిండ బొక్కలే ఉన్నయి, పాతసామానోనికి ఇచ్చేద్దామా?" అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. అది మా సిబ్బి. ఉడికిన అన్నం గిన్నె మూతికి అడ్డంపెట్టి గంజి వార్చే చిల్లుల మూత. మా ఇంట్లో పెరిగిన వాళ్లందరి కంటే అది ఎక్కువ వేడి భరించింది. "ఇటియ్యి" అని లాక్కుని సంచిలో వేసుకున్నాను. ఆ పిల్ల పాపం, అమ్మ పోయిన దుఃఖంలో ఉన్నాననుకుని ఊరుకుంది.

ఆ సాయంత్రం ఆ పిల్ల కరెంటు కుక్కర్లో బియ్యం పెట్టి మీట నొక్కింది. కూర ఏం చెయ్యాలో తోచక ఫోన్‌లో వెతికింది. అయిదే వస్తువులతో అరగంటలో రాత్రి భోజనం ఎలా వండాలో ఎవరో నవ్వుతూ చూపిస్తున్నారు. అయిదు వస్తువులట! మా ఇంట్లో పొయ్యి మీద అయిదు వస్తువులు పడ్డాయంటే ఆ రోజు పండగన్నా అయ్యుండాలి, చుట్టాలన్నా వచ్చుండాలి. తర్వాత అందరం ప్రార్థనకు కూర్చున్నాం. తమ్ముడు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుండగా వంటింట్లో కుక్కర్ టక్కుమంది. ఎవరూ కదలలేదు. నేను మాత్రం లేవబోయి, మోకాళ్లు పట్టేసి మళ్లీ కూర్చున్నాను. ఆమెన్ అన్నాక కోడలు నవ్వుతూ, "ప్రార్థన ఎంతసేపైనా ఫికర్ లేదత్తమ్మా, అన్నం దానంతటదే వేడిగ ఉంటది" అంది. తమ్ముడు నా వంక చూశాడు. నేను ఎందుకు లేవబోయానో ఆ గదిలో వాడొక్కడికే తెలుసు.

మా చిన్నతనంలో మేం వరంగల్ దేశాయిపేటలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. అమ్మ దవాఖానలో నర్సు. బాపు మిల్లులో పనిచేసేవాడు. ఇద్దరివీ షిఫ్టులే. అమ్మకు రాత్రి డ్యూటీ పడిన వారాల్లో ఇద్దరూ ఇంట్లో కలిసి ఉండేది సాయంత్రం కాసేపు మాత్రమే. ఆ కాసేపట్లోనే నల్లా దగ్గర ధర్మసాగరం చెరువు నుంచి వచ్చే నీళ్లు పట్టుకోవాలి, మా చదువు చూడాలి, వండాలి, ప్రార్థన చెయ్యాలి, తినాలి, అమ్మ తెల్లచీర కట్టుకుని బయల్దేరాలి. ఉన్నది ఒకటే స్టవ్వు, వత్తుల స్టవ్వు. దాని కడుపులోకి కిరోసిన్ కంట్రోలు దుకాణం వాడు దయతలిస్తేనే వచ్చేది. ఆ స్టవ్వు మీద అన్నం ఎక్కిందంటే ఇంకో వంటకు చోటు లేదు. అందుకని అన్నంలోకి ఏం చేసినా నిప్పుతో పెద్దగా పనిలేనిదై ఉండాలి. అమ్మ వంటకు ఉన్న సూత్రం అదొక్కటే. ఎల్లిపాయ కారం, పుట్నాల పొడి, జీతాలొచ్చిన రోజుల్లో కోడిగుడ్డు పొరటు, మిగతా రోజుల్లో పచ్చిపులుసు.

పచ్చిపులుసు మీద నేను ఎంతసేపైనా మాట్లాడగలను. పగటి డ్యూటీ నుంచి వచ్చిన రోజుల్లో బట్టలు మార్చుకోకముందే అమ్మ చింతపండు నానేసేది. ఎసరు పెట్టడానికి ముందు అదే మంట మీద గరిటెలో పచ్చిమిరపకాయలు నల్ల మచ్చలు పడేదాకా వేయించేది. వాటిని ఉల్లిగడ్డ ముక్కలతో, ఉప్పుతో కలిపి చేత్తో పిసికేది. ఉల్లిగడ్డ నీరు వదిలి, మిరపకాయ ఘాటు ముక్కుకు తగిలి, మాకు తుమ్ములు వచ్చేదాకా పిసకాలి. ఆపైన చింతపండు పులుసు, నీళ్లు, కాస్త బెల్లం. అంతే, పొయ్యి ఎక్కకుండానే కూర అయిపోయింది. అమ్మ చేతులు ఎప్పుడూ దవాఖాన మందు వాసన వేసేవి. పులుసు పిసికాక మాత్రం ఉల్లిగడ్డ వాసన, చింతపండు వాసన. అప్పుడు గాని ఆమె ఇంటికి వచ్చినట్టు నాకు అనిపించేది కాదు.

ఇక అన్నం సంగతి. అమ్మ చేతికి గడియారం ఉండేది గానీ అది నాడి చూడటానికి. ఇంట్లో అన్నానికి గడియారం మా కుటుంబ ప్రార్థన. ఎసట్లో బియ్యం పోసి వచ్చి అమ్మ చాప మీద కూర్చునేది. ఒక పాట, వంతులవారీగా బైబిల్లోంచి కొంచెం వాక్యం, తర్వాత బాపు ప్రార్థన. బాపు రోజూ ఒకే ప్రార్థన చేసేవాడు. మాట ఎక్కువా కాదు, తక్కువా కాదు. చిన్నప్పుడు అది నాకు నవ్వులాటగా ఉండేది. అన్నం కోసమే ఆయన అలా చేసేవాడని పెద్దయ్యాక అర్థమైంది. ఆయన ఆమెన్ అనేసరికి మెతుకు ఉడికి ఉండేది. అమ్మ లేచి సిబ్బి అడ్డంపెట్టి గంజి వార్చేది. ఆ గంజిలో ఉప్పు వేసుకుని నేనూ తమ్ముడూ ముందే చెరో గ్లాసు తాగేవాళ్లం. పక్కింటివాళ్ల కూర ఇంకా ఉడుకుతుండగానే మేం తిని చేతులు కడుక్కునేవాళ్లం.

ఈ ఏర్పాటు మధ్యలోకి మా నాయనమ్మ వచ్చింది. ఆమెది తొర్రూరు దగ్గర పల్లె. తాత పోయాక ఒక్కతే ఉండేది. కళ్లకు పొర కమ్మింది. ఒకరోజు కట్టెల పొయ్యి దగ్గర చీర కొంగు అంటుకుంటే, గొడ్లను తోలుకొస్తున్నవాళ్లు చూసి ఆర్పారు. ఆ కబురు అందిన రోజే బాపు బస్సెక్కి వెళ్లి ఆమెను తీసుకొచ్చాడు. ఆ కాలిన కొంగును ఆయన ఇంటికొచ్చాక కూడా చాలాసేపు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. "ఇగ ఈమెను ఆ పొయ్యి కాడికి పంపేది లేదు" అని అమ్మతో అన్నాడు. అమ్మ సరేనంది. నాయనమ్మను మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె తన మూట గోడవారగా పెట్టుకుంది. దాన్ని విప్పలేదు. రేపో మాపో పోయేదాన్నే కదా అన్నట్టు అందులోంచి ఒక్కొక్క చీరే లాక్కుని కట్టుకునేది.

వచ్చిన మొదటి సాయంత్రమే బాపు మర్యాద కొద్దీ తల్లితో, "అవ్వా, నువ్వు ప్రార్థన చెయ్యి" అన్నాడు. ఆ మర్యాద మాకు చాలా ఖరీదు పడింది. నాయనమ్మ ప్రార్థన అంటే ఊరు మొత్తం నడిచి రావడమే. ఊరి మొదట్లోని ఎల్లయ్య ఇంటి దగ్గర మొదలుపెట్టేది. "ఎల్లయ్య కాలునొప్పి తగ్గియ్యి తండ్రీ. కొమురయ్య బాయిల నీళ్లు ఊరనియ్యి. రాహేలు కోడలికి నెలలు నిండినయి, రెండు పానాలను సల్లగ ఏరు చెయ్యి. ఐలయ్య బర్రె ఎటువోయిందో దొరకనియ్యి." చర్చికి వచ్చేవాళ్లు, రానివాళ్లు, దేవుడి పేరెత్తితే నవ్వేవాళ్లు, ఎవరినీ వదిలేది కాదు. ఇల్లు తర్వాత ఇల్లు, వీధి తర్వాత వీధి. ఊరు దాటాక పెళ్లయి వెళ్లిపోయిన స్నేహితురాళ్లు. వాళ్లలో మరిపెడకు కాపురానికి పోయిన మరిపెడ లచ్చమ్మ ఒకతి. ఇద్దరూ ఒకే మడిలో నాట్లు వేసినవాళ్లు. లచ్చమ్మ వాళ్లు సమ్మక్క జాతరకు పోయేవాళ్లు. అయినా మా నాయనమ్మ ప్రార్థనలో ఆమెకు రోజూ చోటు ఉండేది. ఆ తర్వాత లచ్చమ్మ పిల్లలు, వాళ్ల పత్తిచేను, ఆ పైన మేమూ, మా మిల్లూ, దవాఖానలోని రోగులందరూ. అప్పుడు ఆమెన్.

ఈలోగా స్టవ్వు మీద అన్నం జావ అయ్యేది. పచ్చిపులుసు పోసుకుంటే మెతుకు మెతుకుగా తడవాల్సిన అన్నం పళ్లెంలో గోడకు పూసే సున్నంలా అంటుకుపోయేది. తమ్ముడు దాన్ని వేలితో పొడిచి, "అమ్మా, ఇది తినుడా, తాగుడా?" అని అడిగేవాడు, బాపు వాడి వంక ఊరుకోరా అన్నట్టు చూసేవాడు. అమ్మ రెండు ముద్దలు మింగి డ్యూటీకి పోయేది. రాత్రంతా నిలబడి పనిచేసే మనిషి. ఆమె ముఖం రోజురోజుకూ పీక్కుపోవడం నాకు కూడా తెలిసేది. నాయనమ్మకు కళ్లు కనపడక అది తెలియలేదు. తెలిసి ఉంటే ఒక్క పేరైనా తగ్గించేదా అంటే, నాకు నమ్మకం లేదు. ఐలయ్య బర్రెను నడిమధ్యలో వదిలేసే మనిషి కాదు ఆమె.

ఒక సాయంత్రం ప్రార్థన ఇంకా ఊరి నడుమ ఉన్న వాగు అవతలే ఉంది. అడుగంటుతున్న వాసన మొదలైంది. నేను ఒక కన్ను తెరిచాను. అమ్మ కూడా తెరిచింది. కాసేపు ఓపికపట్టింది. తర్వాత చప్పుడు కాకుండా లేచి వెళ్లింది. కాళ్లను చప్పుడు కాకుండా వెయ్యొచ్చు గానీ గంజిని చప్పుడు కాకుండా వార్చడం ఎవరి తరం? గిన్నెలోకి బొళబొళమంటూ గంజి పడింది. నాయనమ్మ సగం మాటలో ఆగిపోయింది. 

"దేవుని ముంగటికెల్లి లేసి గంజి కాడికి పోయినవా బిడ్డా?" అంది.

"అన్నం మాడుతాందత్తమ్మా. నేను డ్యూటీకి పోవాలె" అంది అమ్మ వంటింట్లోంచి.

"పో మరి. నేను ఎవరి డ్యూటీకి అడ్డంరాను."

ఆ రోజు ఆమెన్ లేకుండానే ప్రార్థన అయిపోయింది. నాయనమ్మ అన్నం ముట్టలేదు. బాపు బతిమాలాడు, నేను బతిమాలాను. ఆకలి లేదని గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారి లేచేసరికి ఆమె మూట ముడి బిగించి గడప దగ్గర పెట్టుకుని కూర్చుంది.

"ఏడికవ్వా?" అన్నాడు బాపు.

"ఊరికి. నేను నోరు తెరిస్తే మీ అన్నం చెడిపోతాంది. ఈడ నాకేం పని? బస్సెక్కియ్యి."

"కండ్లు కనవడయి. పొయ్యి ఎట్ల అంటిస్తవ్?"

"ఇన్నేండ్లు ఎట్ల అంటిచ్చిన్నో గట్లనే."

బాపు ఎంత మెత్తటి మనిషంటే, కోపం వచ్చినా ఏడుపు వచ్చినా ఒకేలా ఉండేవాడు. తలుపుకు ఆనుకుని నిలబడిపోయాడు. చివరికి, "పొద్దటి బస్సు పోయిందవ్వా, రేపు పోదువు" అన్నాడు. బస్సు పోలేదు. నాకూ తెలుసు, బహుశా నాయనమ్మకూ తెలుసు. ఆమె ఆ పూటకు ఆగింది గానీ మూటను గడప దగ్గర నుంచి కదపనివ్వలేదు. నేను బడికి పోతూ ఆ మూటను దాటాల్సి వచ్చింది. ఆ కాలిన కొంగు నా కళ్లముందు నుంచి పోలేదు. రేపు ఆమె వెళ్లిపోతుందని, ఇంకోసారి కొంగు అంటుకుంటే ఆర్పేవాళ్లు అటు రారేమోనని రోజంతా భయపడుతూనే ఉన్నాను.

బడి నుంచి వచ్చేసరికి అమ్మ పడుకోకుండా నాయనమ్మ పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. రాత్రి డ్యూటీ చేసిన కళ్లు ఎర్రగా ఉన్నాయి. తప్పు నాదని అమ్మ అనలేదు, మీదనీ అనలేదు. దవాఖానలో రోగిని అడిగినట్టు నెమ్మదిగా అడిగింది.

"అత్తమ్మా, ఊర్ల కూడ మీరు గింతసేపే ప్రార్థన చేసేటోళ్లు గదా. అక్కడ అన్నం మెత్తగ కాకపోయేదా?"

"ఎందుకైతది? ఉడుకు పట్టంగనే కట్టె బయటికి గుంజుతం. నిప్పుల మీద అన్నం నా కోసం ఆగేది."

అమ్మ చేతులు చేటలో ఆగిపోయాయి. నాయనమ్మకు ఇంతకాలం అర్థం కానిదేదో, మాకు ఇంతకాలం అర్థం కానిదేదో ఆ ఒక్క మాటలో బయటపడింది. ఆమె పొయ్యి ఆమె ప్రార్థన కోసం ఆగేది. మా స్టవ్వు ఎవరి కోసమూ ఆగదు. వత్తి పెంచితే మంట, దించితే పొగ.

"మా స్టవ్వుకు ఆగుడు తెల్వదత్తమ్మా" అంది అమ్మ. "మీరు ఒక్క పేరు గూడ తగ్గియ్యొద్దు. అందరిని తలుసుకోండ్రి. ఎసరు నేను ముందుగల్ల పెడత. ఎవరి పేరు కాడికి వచ్చినంక బియ్యం పొయ్యాల్నో అది మీరే చెప్పుండ్రి."

నాయనమ్మ పెదవులు కదులుతున్నాయి, వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుగుతోంది. ఎల్లయ్య ఇంటి దగ్గర నుంచి బయల్దేరి, వాగు దాటి, ఊరంతా మనసులోనే తిరిగి వచ్చింది.

"మరిపెడ లచ్చమ్మ కాడ బియ్యం పొయ్యి" అంది చివరికి. తర్వాత నా వైపు చెయ్యి చాపి, "లేసేటిది గీ పిల్ల లేస్తది. పోరగాండ్లు లేస్తే దేవుడేమనడు. నువ్వు నా పక్కన కూసో" అంది అమ్మతో.

ఆ సాయంత్రం నేను కళ్లు మూసుకున్నాను గానీ చెవులు మాత్రం ఊరంతా తిరిగాయి. ఎల్లయ్య, కొమురయ్య, రాహేలు కోడలు, ఐలయ్య బర్రె. వంటింట్లో ఎసరు కుతకుతమంటోంది. నాయనమ్మ "మరిపెడ లచ్చమ్మను సల్లగ చూడు తండ్రీ" అనగానే లేచి పరుగెత్తి, నానబెట్టిన బియ్యం ఎసట్లో పోసి వచ్చి కూర్చున్నాను. వచ్చేసరికి అమ్మ చెయ్యి నాయనమ్మ చేతిలో ఉంది. ఆమెన్ అయ్యాక అమ్మ సిబ్బి అడ్డంపెట్టి గంజి వార్చింది. మూత తీస్తే అన్నం పువ్వులా విచ్చుకుని ఉంది. పచ్చిపులుసు పోసుకుని నాయనమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా మాలో ఎవరూ తినలేదు. ఆమె నమిలింది, మింగింది. "అన్నం మంచిగున్నది. పులుసే పల్సగున్నది" అంది. అమ్మ నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్లయిందో! తిన్నాక నాయనమ్మ తడుముకుంటూ గడప దగ్గరికి వెళ్లి మూట ముడి విప్పింది. అడుగు నుంచి నువ్వుల సంచి తీసి అమ్మ ఒళ్లో పెట్టింది. "రేపు వీటిని ఏంచి, దంచి, పులుసుల కలుపు" అంది. ఆ రోజు విప్పిన మూటను ఆమె మళ్లీ కట్టలేదు. నువ్వుల పొడి పడ్డాకే పచ్చిపులుసుకు అసలు రుచి వచ్చిందని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఏళ్లకేళ్లు మా ఇంట్లో బియ్యం లచ్చమ్మ పేరు దగ్గరే ఎసట్లో పడ్డాయి. నేను పెద్దదాన్నయ్యాక ఆ పని తమ్ముడికి వచ్చింది. ఊళ్లో కొత్తగా పుట్టినవాళ్లు చేరారు, ఐలయ్య బర్రె స్థానంలో దాని దూడ వచ్చింది. ఒకసారి వరంగల్‌కు పత్తి అమ్మకానికి వచ్చిన ఊరివాళ్లు మరిపెడ లచ్చమ్మ పోయిందని చెప్పి వెళ్లారు. ఆ సాయంత్రం ప్రార్థనలో మాకందరికీ అదే గుబులు. మా చర్చి సంఘంలో పోయినవాళ్ల కోసం ప్రార్థన చేయరు. ఆమె పేరు రాకపోతే బియ్యం ఎప్పుడు పొయ్యాలి? నాయనమ్మ ఆ చోటికి వచ్చి ఆగింది.  "మరిపెడ లచ్చమ్మ పిల్లలను సల్లగ చూడు తండ్రీ" అంది. తమ్ముడు లేచి వెళ్లాడు. తర్వాత బాపు మెల్లగా, "లచ్చమ్మ పేరెందుకవ్వా, పిల్లల పేర్లు చెప్తే సరిపోతది గదా" అంటే, "లచ్చమ్మ పేరు తియ్యకపోతే వాళ్లు ఎవరి పిల్లలో దేవునికెట్ల తెలుస్తది?" అంది.

నాయనమ్మ ఆ దేశాయిపేట ఇంట్లోనే, ఆ చాప మీదే పోయింది. కొన్నాళ్లు ఇరుగుపొరుగు తిండి పంపారు. తర్వాత మా ఇంట్లో మళ్లీ స్టవ్వు వెలిగించిన సాయంత్రం ఎసరు పెట్టి ప్రార్థనకు కూర్చున్నాం. బాపు తన పాత ప్రార్థన మొదలుపెట్టాడు గానీ రెండు మాటలు దాటలేకపోయాడు. ఎసరు మరుగుతోంది. ఎవరం లేవలేదు. ఏ పేరు దగ్గర లేవాలి? అప్పుడు అమ్మ కళ్లు తెరవకుండానే మొదలుపెట్టింది. "ఎల్లయ్య కాలునొప్పి తగ్గియ్యి తండ్రీ." ఆ ఊరు అమ్మ ఎన్నిసార్లు చూసింది కనుక? అయినా ఒక్క ఇల్లు తప్పలేదు. మరిపెడ లచ్చమ్మ పేరు ఆమె నోట రాగానే తమ్ముడి కంటే ముందు నేనే లేచి వెళ్లి బియ్యం పోశాను. స్టవ్వు దగ్గరే నిలబడి ఏడ్చాను. అన్నం ఎప్పటిలాగే ఉడికింది.

ఇప్పుడు నేను ఒక్కదాన్నే ఉంటాను. హన్మకొండ నుంచి తెచ్చుకున్న సిబ్బి నా వంటింట్లో మేకుకు వేలాడుతోంది. తమ్ముడు నాకూ ఒక కరెంటు కుక్కర్ కొనిచ్చాడు. అది డబ్బాలోనే ఉంది. కుక్కర్ మీద నాకేం పగలేదు. తనంతట తాను ఆగుతుంది, వేడిగా ఉంచుతుంది. నాయనమ్మ నిప్పులు చేసిన పనే అదీ చేస్తుంది, ఆమె చూసి ఉంటే మెచ్చుకునేదే. కానీ దానికి ఎవరి పేరుతోనూ పనిలేదు. అందుకే గ్యాసు మీద చిన్న గిన్నెలో ఎసరు పెట్టుకుని, గరిటెలో మిరపకాయలు వేయించుకుని, పులుసు పిసుక్కుని ప్రార్థనకు కూర్చుంటాను. ఈమధ్య అన్నం మెత్తగా అవుతోంది. బియ్యం మారాయేమోనని దుకాణం వాడితో గొడవపడ్డాను కూడా. తర్వాత తెలిసింది, తప్పు బియ్యానిది కాదు. లచ్చమ్మ తర్వాత నా ప్రార్థనలో పేర్లు పెరిగిపోయాయి. నాయనమ్మ, బాపు, ఇప్పుడు అమ్మ. ఫోన్‌లో తమ్ముడికి చెబితే, "అక్కా, పోయినోళ్లకు మనం ప్రార్థన చెయ్యం గదా" అన్నాడు. "వాళ్లకు ఎవడు చేస్తుండురా? వాళ్ల పిల్లలకు" అన్నాను.  దానికి వాడు, "అయితే బియ్యం ఇంకొంచెం ఆగి పొయ్యక్కా" అన్నాడు.

నిన్న సాయంత్రం లచ్చమ్మ పేరు వచ్చింది, నేను లేవలేదు. నాయనమ్మ పేరు, బాపు పేరు దాటాయి. అమ్మ పేరు దగ్గర మోకాళ్లు పట్టుకుని లేచి, బియ్యం ఎసట్లో పోసి వచ్చి, ఆమె పిల్లల కోసం ప్రార్థన చేశాను. అన్నం సరిగ్గా ఉడికింది.